నడిచే బొత్తాం కోసం కొత్తపట్నం దాకా

క్రిస్మస్ సెలవుల్లో కొత్తపట్నం వెళ్ళొచ్చాను. గుంటూరు నుంచి అదేమంత దూరం కాదు. అయినా మా స్టాఫ్ రూములో ప్రతి ఒక్కరూ "కొత్తపట్నమా! అక్కడేముందండీ?" అని అడిగారు. తిరుపతి వెళ్ళొస్తే గుండు చూస్తారు, మద్రాసు వెళ్ళొస్తే చీర చూస్తారు. కొత్తపట్నం వెళ్ళొచ్చిన మనిషిలో ఏం చూడాలో వాళ్ళకు తోచలేదు. అడిగిన వాళ్ళందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసేస్తే నయమని ఇది మొదలుపెట్టాను.

ఎందుకు వెళ్ళానో ముందే చెప్పేస్తాను. ఒక తప్పు చేశాను. దాన్ని దిద్దుకోవడానికి వెళ్ళాను.

నేను ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెబుతాను. మ్యూజియం అని మేం గొప్పగా పిలుచుకునే చెక్క బీరువాలో ఒక పగడం ఉంది. పగడమంటే ఉంగరంలో పొదిగేది కాదు. సముద్రంలో బతికే ఒక మెత్తటి జీవి తన కోసం కట్టుకున్న సున్నపు ఇల్లు. చాలా పగడాలు వేలకు వేలు ఒకచోట చేరి సముద్రంలో గోడలకు గోడలు కట్టేస్తాయి. మా బీరువాలోది ఆ జాతి కాదు, ఒంటి పగడం. చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దది. పైన బుల్లి గిన్నెలా ఒక గుంట, ఆ గుంటలో చామంతి రేకుల్లా సన్నని పలకలు. దాన్ని ఒక చెక్క దిమ్మ మీద లక్కతో అతికించి పెట్టారు. నేను ఏటా ఆ దిమ్మ చేత్తో పట్టుకుని, "పగడాలన్నీ ఒకచోట అతుక్కుని బతుకుతాయి, కదలవు" అని చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. ఇలా పదిహేనేళ్ళు గడిచాయి.

మొన్న అర్ధసంవత్సర పరీక్షలో ఒంటి పగడం గురించి రాయమన్నాను. సుజాత అని మొదటి సంవత్సరం పిల్ల, కొత్తపట్నం దగ్గర చేపలవాళ్ళ పాలెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, ఇలా రాసింది: "మా ఊళ్ళో దీన్ని నడిచే బొత్తాం అంటారు. ఇది ఇసుక మీద నడుస్తుంది." ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పేపర్లు ఇచ్చే రోజు దాన్ని క్లాసులో గట్టిగా చదివి, "ఏమ్మా సుజాతా, చెప్పులేసుకుని నడుస్తుందా, ఒట్టికాళ్ళతోనా?" అన్నాను. అరవై మందీ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు నోటి దురద ఎక్కువ, మా అమ్మ చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. మర్నాటి నుంచి ఆ పిల్ల క్లాసుకు రాలేదు. హాస్టల్లో అడిగితే పెట్టె సర్దుకుని ఊరికి వెళ్ళిపోయిందన్నారు.

తర్వాత వారానికి లైబ్రరీలో కొత్తగా వచ్చిన లావుపాటి పుస్తకం తిరగేస్తుంటే నాలుగు వాక్యాలు కంటబడ్డాయి. కొన్ని ఒంటి పగడాలు మెత్తటి ఇసుక నేల మీద ఉంటాయట. వాటి అడుగున ఒక పురుగు కాపురం ఉంటుందట. అది తన పగడాన్ని లాక్కుంటూ తిరుగుతుందట. పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి చూశాను. ఆ నాలుగు వాక్యాలూ అక్కడే ఉన్నాయి. మ్యూజియం తాళం తీయించి, పాత బ్లేడుతో దిమ్మ మీది లక్క గీకాను. పగడం ఊడి అరచేతిలో పడింది. తిరగేస్తే అడుగున గుండ్రంగా ఒక కన్నం, చూడు అన్నట్టు. అది అతుక్కుని బతుకుతుందని పదిహేనేళ్ళు పాఠం చెప్పాను. అతికించింది మేమే.

జనవరి మొదటి వారంలో పెద్ద పరీక్షలకు పేర్లు పంపాలి. ఆలోపు సుజాత రాకపోతే ఆమె సంవత్సరం పోతుంది. ఒకసారి చేపల గంప ఎత్తుకున్న పిల్ల మళ్ళీ పుస్తకం పట్టుకోవడం నేను చూడలేదు. పండగ అయిన మూడో రోజు, మిగిలిన కేకు ముక్కలు డబ్బాలో సర్దుకుని బస్సెక్కాను.

తుమ్ముల బస్సు

బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని వెళ్ళాలంటారు. ఆ లెక్కన మా ఒంగోలు బస్సు వారం రోజులు గుంటూరు స్టాండులోనే ఉండాలి. కదలకముందే డ్రైవరు తుమ్మాడు. ఆయన వెనక సీట్లో పెళ్ళికి వెళ్తున్నవాళ్ళు వరసగా తుమ్మారు. నేను చేతిరుమాలు తీసేలోపే నా వంతు వచ్చింది. తుమ్మితే ఊడిపోయే ముక్కులా ఉన్న కిటికీ అద్దం మాత్రం ఎలాగో నిలబడింది.

కారణం నా కాళ్ళ కిందే ఉంది. సీటు కింద ఒక గోతాం, దాన్నిండా కొత్త మిరపకాయలు. గోతాం మనిషి నా పక్కనే కూర్చున్నాడు. తెల్ల లుంగీ, భుజం మీద తువ్వాలు. పేరు మస్తాన్ గారు, మిరప వ్యాపారం. మార్టూరు దగ్గర రైతుకు నమూనా కాయ చూపించడానికి తీసుకెళ్తున్నాడు.

"ఇంత ఘాటైతే మూట కట్టుకు రావద్దా అండీ?" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

"కట్టాను గదమ్మా, రెండు గోతాలేశాను. దాంట్లోంచి తుమ్మించిందంటే కాయ ఎట్టాంటిదో చూస్కోండి!" అన్నాడాయన. తను ఒక్కసారి కూడా తుమ్మలేదు. ఇరవయ్యేళ్ళ నుంచి మిర్చి యార్డులోనే ఉన్న ముక్కు అది.

కండక్టరు వచ్చి గోతాంకి లగేజీ టికెట్టు కొట్టబోయి, తుమ్ము ఆపుకోలేక టికెట్ల కట్ట కింద పడేసుకున్నాడు. మస్తాన్ గారు వంగి ఏరిచ్చి, "ఏం కాయ బాబూ, కండక్టర్ని కూడా వంచింది" అన్నాడు. బస్సంతా తుమ్ముతూనే నవ్వింది. ఏడుస్తూ నవ్వడమంటే ఏమిటో ఆ రోజు నాకు తెలిసింది.

చిలకలూరిపేటలో టీ తాగాం. అర్ధరూపాయి టీ, అల్లం దండిగా కొట్టి వేశాడు. గుంటూరులో అదే అర్ధరూపాయికి వేణ్నీళ్ళలో పంచదార కలిపి ఇస్తారు. ఆ టీతో తుమ్ములు ఆగాయి.

పత్తి ఏరేవాళ్ళు

పేట దాటాక రోడ్డుకు రెండు వైపులా పత్తి. బండ్ల నుంచి జారిన దూది తుమ్మకంపలకు చిక్కుకుని, కంపలే పూసినట్టున్నాయి. ఒక చోట బస్సాపి పత్తి ఏరే ఆడవాళ్ళు ఎనిమిది మంది ఎక్కారు. మస్తాన్ గారు దిగిపోవడంతో ఖాళీ అయిన సీట్లో ఒకామె కూర్చుంది. పేరు మార్తమ్మ. జుట్టు నిండా దూది పోగులు, వేళ్ళ చివర కాయ డిప్పలు గీరిన ఎర్ర చారలు. కూర్చోగానే ఒళ్ళోంచి ఉడకబెట్టిన వేరుశనగకాయలు తీసి నా చేతిలో ఒక గుప్పెడు పోసింది. పలకరింపు తర్వాత వచ్చింది.

"ఏవూరమ్మా? ఒక్కదానివే పోతన్నావు?"

నేను దాచలేదు. "నా దగ్గర చదువుకునే పిల్లని నలుగురిలో ఎగతాళి చేశాను. తీరా చూస్తే పిల్ల రాసింది నిజం, నేను చెప్పింది తప్పు. ఒప్పుకుని తీసుకురావాలి" అన్నాను.

మార్తమ్మ కాయలు ఒలవడం ఆపేసింది. వెనక్కి తిరిగి అరిచింది. "ఒసే, ఇనండే! ఈ పంతులమ్మ పిల్లకాడికి తప్పైందని చెప్పటానికి పోతందంట!"

ఎనిమిది మందీ నన్ను చూశారు. అంతమంది అంత శ్రద్ధగా నా క్లాసులో ఎప్పుడూ చూడలేదు. "మా పిలకాయల పంతులైతే లెక్క తను తప్పేసి కూడా వీళ్ళనే కొడతాడు" అంది ఒకామె. "పోనీలే, ఒకరన్నా పుట్టారు" అంది ఇంకొకామె.

దిగే ముందు మార్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నిలబడి చెప్పబాకమ్మా. నిలబడితే మళ్ళీ పాఠం చెప్తన్నట్టే ఉంటది. కింద కూకొని చెప్పు." అంత మంచి సలహా నాకు బి.ఇడి.లో కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఒంగోలులో గిత్త

ఆ రాత్రి ఒంగోలులో నా చిన్ననాటి స్నేహితురాలింట్లో ఉన్నాను. వాళ్ళ వీధికంతటికీ ఒకటే టీవీ, అది వీళ్ళది. వీధి వీధంతా హాల్లో కూర్చుంది. స్నేహితురాలి భర్త డాబా మీద యాంటెనా తిప్పుతూ "వచ్చిందా?" అని అడగడం, కింద నుంచి నలభై మంది "పోయింది!" అని అరవడంతో వార్తలు ముగిశాయి. మా చిన్నప్పుడు తోలుబొమ్మలాట కూడా ఇంతకంటే స్పష్టంగా కనిపించేది. అయినా అందరూ తృప్తిగా ఇళ్ళకు వెళ్ళారు.

పొద్దున కొత్తపట్నం బస్సు కోసం నిలబడితే ఒకాయన గిత్తను నడిపించుకుంటూ వెళ్తున్నాడు. తెల్లగా, మూపురం మీద కాస్త బూడిద రంగు, మెడలో గంటలు. నా నోరు ఊరుకుంటుందా? "అబ్బ, ఎంత బాగుందో!" అనేశాను.

ఆయన పలుపు బిగించి ఆగిపోయాడు. "అమ్మా, ముందు ఊసెయ్యండి."

"ఎందుకండీ?"

"మీరు చదువుకున్నోళ్ళు, మీ దిష్టి ఇంకా గట్టిది. మూడు మాట్లు ఊసెయ్యండి తల్లీ, ఎండెక్కుతంది."

మా గుంటూరులో దూడకు, పిల్లకు దిష్టి తీస్తారు గానీ, దిష్టి పెట్టిన మనిషి చేతే ఊయించడం నేనెరగను. బస్టాండులో అందరూ చూస్తుండగా మూడుసార్లు ఊశాను. అలవాటు లేక మూడోది నా కుచ్చెళ్ళ మీదే పడింది. గిత్త ఆసామి మాత్రం "చాలు, చాలా మేలు చేశారు" అని దండం పెట్టి కదిలాడు.

పాలెం

కొత్తపట్నంలో దిగి సరుగుడు తోటల మధ్య ఇసుకలో నడిచాను. చెప్పులు చేత్తో పట్టుకుంటే గాని అడుగు పడలేదు. పాలెం తాటాకు ఇళ్ళ ముందు ఇసుక మీద చేపలు ఎండబోసి ఉన్నాయి. కాకుల్ని తోలుతూ కర్ర పట్టుకుని నిలబడ్డ పిల్లే సుజాత. నన్ను చూసింది. కర్ర అక్కడే పడేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది. కాకులు వెంటనే దిగాయి. నేను ఆ కర్ర తీసుకుని కాకుల్ని తోలడం మొదలుపెట్టాను.

కాసేపటికి వాళ్ళమ్మ పోలమ్మ బయటికొచ్చింది. "ఎవరమ్మా నువ్వు? మా కాకుల్ని తోలటానికి పని గట్టుకుని వచ్చావా?" అంది నవ్వుతూ. నేనెవరో చెప్పగానే ఆ నవ్వు పోయింది. అయినా మంచినీళ్ళిచ్చింది.

సుజాత గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను మార్తమ్మ చెప్పినట్టే ఇసుకలో చతికిలబడి, పుస్తకం సంగతి, లక్క గీకిన సంగతి, కన్నం సంగతి అన్నీ చెప్పాను. "నువ్వు రాసింది నిజమమ్మా. నేను నవ్వడం తప్పు. నలుగురిలో అనడం ఇంకా తప్పు. జనవరిలో పేర్లు పంపుతారు, వచ్చెయ్" అన్నాను.

సుజాత నా పక్కనున్న కర్ర తీసుకుని ఒక కాకిని తోలింది. తర్వాత మెల్లగా అంది: "నేను రాస్తే నమ్మలా. పుస్తకం రాస్తే నమ్మారు. అయితే మీరు నమ్మింది నన్ను కాదుగా మేడమ్."

ఉన్న మాట అంటే ఉలుకెక్కువ అంటారు. నాకు ఉలుకు కూడా రాలేదు, సిగ్గు వచ్చింది.

"రేపు పొద్దున నాన్న వల తెస్తాడు. మీ కళ్ళతో చూడండి. తర్వాత మాట్లాడదాం" అంది.

మధ్యాహ్నం పోలమ్మ నెత్తళ్ళు చింతకాయ వేసి వండింది. నెత్తళ్ళంటే వేలెడంత చేపలు, ముల్లుతో సహా నమిలెయ్యొచ్చు. పచ్చి చింతకాయ పులుపుకు నాలుక మీద ఏదో పండగ జరిగినట్టయింది. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. కాస్త కారం తక్కువైందని నోరుజారితే పోలమ్మ గరిట ఆపేసింది. "మీ గుంటూరోళ్ళు చేపని వండరమ్మా, కారాన్ని వండి దాంట్లో చేపనేస్తారు. ఇదిగో, చేపంటే ఇది." ఆ మాట నిజమే, నేను ఇంటికొచ్చాక మా ఆయనకు చెబితే రెండు రోజులు మాట్లాడలేదు. నేను తెచ్చిన కేకు పాలెంలో పిల్లలందరికీ తలా చిటికెడు అందింది.

బొత్తాం నడిచింది

తెల్లవారగానే తెప్పలు వచ్చాయి. సుజాత తండ్రి కోటయ్య వల దులుపుతుంటే చేపలు, రొయ్యలు, పీతలు, పేరు తెలియనివి ఇంకెన్నో. పక్కన మిగిలిన చెత్తలో సుజాత చెయ్యి పెట్టి రెండు బొత్తాలు ఏరింది. ఎనామిల్ బేసినులో పిడికెడు ఇసుక, సముద్రం నీళ్ళు పోసి, వాటిని వేసింది.

మా బీరువాలోది తెల్లటి ఎముక. ఇవి గోధుమ రంగులో, అంచున కాస్త పచ్చగా ఉన్నాయి. నేను బేసిను పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఏమీ జరగలేదు. పది నిమిషాలయింది. "ఏదీ, నడవదే?" అన్నాను.

"పరీక్ష హాల్లో మీరు పక్కన నిలబడితే మాకూ చెయ్యి కదలదు మేడమ్. ఊరుకోండి" అంది సుజాత. మొదటిసారి ఆమె గొంతులో కొంటెతనం వినిపించింది.

ఊరుకున్నాను. నీళ్ళు తేరుకున్నాయి. ముందు ఒక పగడం తన చుట్టూ గాజు పోగుల్లాంటి వేళ్ళు విప్పుకుంది. తర్వాత సుజాత రెండో దాన్ని వేలితో బోర్లా తిప్పేసింది. అడుగున కన్నం పైకి వచ్చింది. ఆ కన్నంలోంచి సన్నని తొండం ఒకటి బయటికొచ్చింది, మెల్లగా అటూ ఇటూ వెతికింది, ఇసుకలోకి దిగింది. ఒక్క గుంజు గుంజింది. బొత్తాం లేచి, పక్కకు ఒరిగి, తపక్కున తిన్నగా కూర్చుంది! మళ్ళీ తొండం చాచింది, ఇసుకను పట్టింది, లాగింది. బొత్తాం కదిలింది. వెనకాల ఇసుకలో సన్నటి గీత పడింది.

నేను కేక పెట్టాను. లేచి గంతేశాను కూడా, ఆ మాట మా ప్రిన్సిపాల్ గారికి తెలియకపోతే మంచిది. వలలు దులిపేవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు, ఏ పామో కరిచిందని. "మా బొత్తాం నడిస్తే గుంటూరు పంతులమ్మ ఎగురుతంది!" అని ఒకాయన అంటే ఒడ్డు ఒడ్డంతా ఒకటే నవ్వు. ఈసారి అందరూ నన్ను చూసి నవ్వారు, సుజాత కూడా. నాకది ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నాకు తెలిసింది నేను చెప్పాను. బియ్యపు గింజంత నత్త గుల్ల ఖాళీగా ఉంటే అందులో ఈ పురుగు చేరుతుంది. ఆ గుల్ల మీద పిల్ల పగడం వచ్చి కూర్చుంటుంది. పగడం పెరిగి గుల్లను కప్పేస్తుంది, పురుగు తన గుమ్మం మాత్రం మూసుకుపోకుండా చూసుకుంటుంది. పురుగుకు గట్టి ఇల్లు, పగడానికి ఇసుకలో కూరుకుపోకుండా సవారీ. గుంటూరులో మా ఇంటివాళ్ళు గోడకు మేకు కొట్టనివ్వరు. ఇక్కడ అద్దెకున్నవాడు ఇంటినే లాక్కుని ఊరేగుతున్నాడు.

కోటయ్య నాకు తెలియనిది చెప్పాడు. "ఇది వల్లో పడ్డదంటే కింద మంచి ఇసక ఉన్నట్టమ్మా. గవ్వపిండి కలిసిన ఇసక. అక్కడ రొయ్య ఉంటది, నాలిక చేప ఉంటది. నల్ల బురద మీద ఇది బతకదు. బురదలో వలేస్తే బరువే గాని చేప రాదు. మాకు చోటు చెప్పేది ఇదే."

"అయితే ఒకటి గుంటూరు తీసుకెళ్తానండీ. క్లాసులో చూపించాలి" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "చోటు చెప్పేదాన్ని ఇంటికి తెచ్చుకోం. వల్లో పడ్డవాటిని మళ్ళీ వేటకి పోయేటప్పుడు ఆ చోట్నే వదిలేస్తాం. మా తాత కాణ్ణుంచీ అంతే. ఒడ్డున చచ్చినాయంటే రేపు మాకు చోటెవరు చెప్తారు?"

నా ముఖం వాడిపోయింది. కోటయ్య నా వంక చూశాడు, కూతురి వంక చూశాడు. సుజాత బేసిను మీద వంగి ఉంది. ఆయన కొంచెంసేపు గడ్డం గోక్కుని అన్నాడు: "తీసకపోండి. కానీ పానంతో తిరిగి రావాలి. మా పిల్లే తీసకపోయి మా పిల్లే తేవాలి. నీళ్ళు చల్లగా ఉంచటం దానికే తెలుసు."

సుజాత తల ఎత్తింది. "సరే నాన్నా. దీని కోసం వెళ్తా" అంది. దీని కోసం, అంది. చదువు మాట ఎత్తలేదు. బయల్దేరేటప్పుడు చూస్తే చేతిలో ఒక జత బట్టల సంచి తప్ప పెట్టె లేదు. అడగడానికి మాట నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. అలా మాట మింగడం నాకు అదే మొదటిసారి.

బాపట్లలో పంపు

నీళ్ళు వేడెక్కకూడదని వచ్చేటప్పుడు ఒంగోలు నుంచి రైల్లో వచ్చాం. కొత్త మట్టికుండ, అడుగున ఇసుక, ఒక బొత్తాం, మెడ దాకా సముద్రం నీళ్ళు, చుట్టూ తడిపిన గోనె. ఇంకో సీసాలో మారు నీళ్ళు. తెనాలి దాకా పాసింజరు. చీరాల దాటేసరికి గాలికి ఇద్దరికీ కునుకు పట్టింది.

ఎదురుగా ఒక ముసలావిడ కూర్చుంది, మనవరాలి పురిటికి బాపట్ల తర్వాత ఊరేదో వెళ్తోంది. దాహమేసి మా కుండలో తన గ్లాసు ముంచి గుక్కెడు తాగిందట. తాగి ఉమ్మేసి, "పాపం, వీళ్ళ నీళ్ళు పాడైపోయినయ్యి, నిద్రపోతన్నారు బిడ్డలు" అని జాలిపడింది. బాపట్లలో బండి ఆగగానే కుండ ఎత్తుకుని ప్లాట్‌ఫారం పంపు దగ్గరికి వెళ్ళింది, పారబోసి మంచినీళ్ళు పట్టిద్దామని.

నాకు మెలకువ వచ్చేసరికి సుజాత కిటికీలోంచి "అవ్వా! వంచబాకవ్వా!" అని అరుస్తోంది. అరుస్తూనే తలుపులోంచి దూకేసింది. నేను తలుపు దగ్గరికి వెళ్ళేసరికి కుండ సగం వంగి ఉంది, నీళ్ళు పోతున్నాయి, సుజాత రెండు చేతులూ కుండ మూతికి అడ్డం పెట్టింది. బండి కూత వేసింది. నేను ముసలావిడను ఎక్కించాను, సుజాత కుండను ఎక్కించింది.

"నీళ్ళే కదమ్మా, బంగారం పోసినట్టు అరుస్తారేం?" అంది అవ్వ రొప్పుతూ. సుజాత ఇసుకలో వేళ్ళు పెట్టి వెతికి బొత్తాన్ని పైకి తీసింది. సీసాలోని మారు నీళ్ళు కుండలో పోసి దాన్ని వేసింది. పొన్నూరు పొలాలు కనబడేదాకా ముగ్గురం కుండలోకి చూస్తూ కూర్చున్నాం. చివరికి తొండం బయటికొచ్చింది. "ఓరి నీ దుంపతెగ, పురుగు!" అని అవ్వ పకపకా నవ్వింది. ఆ నీళ్ళు తాను తాగిన సంగతి గుర్తొచ్చి ఆపైన ఇంకా గట్టిగా నవ్వింది.

మళ్ళీ క్లాసులో

సెలవుల తర్వాత మొదటి రోజు. బల్ల మీద ఎనామిల్ బేసిను. పాలెంలో నేనన్న మాటలు అన్నీ అరవై మంది ముందు మళ్ళీ చెప్పాను. "పరీక్ష పేపర్లో సుజాత రాసింది నిజం. నేను చెప్పింది తప్పు. మీ నోట్సులో ఆ వాక్యం కొట్టెయ్యండి. ఆ రోజు నేను నవ్వినందుకు సుజాతకు అందరి ముందూ క్షమాపణ చెబుతున్నాను" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

సుజాత వచ్చి బొత్తాన్ని బోర్లా తిప్పింది. పిల్లలు బెంచీలెక్కారు, బల్ల చుట్టూ మూగారు. దాన్ని తొందరపెట్టొద్దని, ఊరికే చూస్తూ ఉండమని సుజాత చెప్పింది. గంట కొట్టారు. ఒక్కరూ కదల్లేదు. తర్వాతి క్లాసు లెక్చరర్ గుమ్మంలో నిలబడి, ఆవిడ కూడా లోపలికొచ్చి వంగి చూసింది. తొండం వచ్చింది. బొత్తాం లేచి కూర్చుంది. అరవై మంది ఒకేసారి పెట్టిన కేక మా కాలేజీ గోడలు ముందెన్నడూ విని ఉండవు.

"మరి ఆ పురుగుకి కళ్ళుంటాయా? దారెట్లా తెలుస్తుంది?" అని చివరి బెంచీ పిల్ల అడిగింది.

అలవాటు చొప్పున నేను నోరు తెరిచాను. నాకు తెలియదు. అయినా ఆ పిల్ల నా వైపు చూడటం లేదు.

సుజాత బేసిను మీదికి వంగి చూసింది. "నాకూ తెలీదు. ఆదివారం దీన్ని దింపడానికి ఊరెళ్తా. సరిగ్గా చూసొచ్చి సోమవారం చెప్తా" అంది.

సోమవారం, అంది. నేను మెల్లగా బయటికి నడిచి, ఆఫీసు గదిలోకి వెళ్ళి, పరీక్షకు పంపే జాబితా తెప్పించుకుని ఆమె పేరు రాశాను.